వేడిని ఎక్కడ కొలవాలి?

మూడేళ్ళ కిందట ఆగస్టులో ఒక ఆదివారం తెల్లవారుజామున, మా ఊళ్ళో జరిగిన పది కిలోమీటర్ల పరుగుకు ప్రేక్షకుడిగా వెళ్ళాను. పరుగెత్తే ఈడు నాది కాదు. మా అన్నగారబ్బాయి పరుగెడుతున్నాడు కనుక మంచినీళ్ళ సీసా పట్టుకుని గమ్యం దగ్గర నిలబడ్డానంతే. రాత్రంతా వాన కురిసి వెలిసింది. ఎండ లేదు కాని, ఆకు కదలని ఉక్క. నిలబడ్డవాడికే చొక్కా వీపుకు అంటుకుపోతోంది.

ఇరవయ్యేళ్ళ కుర్రాడొకడు తూలుకుంటూ వచ్చి, గీతకు పది గజాల ఇవతల కూలబడ్డాడు. వాలంటీరొకతను పరుగున వెళ్ళి, కరోనా రోజుల్లో ప్రతి గుమ్మం దగ్గరా మన నుదుటికి గురిపెట్టిన ఆ తుపాకీ లాంటి పరికరాన్ని అతని నుదుటికి చూపాడు. 97.4 అని వచ్చింది. "జ్వరమేం లేదు సార్, నీరసం" అన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టి గ్లూకోజు నీళ్ళు పట్టబోయారు. కుర్రాడేమో కళ్ళు తెరిచే ఉన్నాడు గాని, "అమ్మా, బస్సు వెళ్ళిపోతోందే" అని ఏదో మాట్లాడుతున్నాడు.

అంతలో జనంలోంచి ఒక పెద్దాయన, సైన్యంలో హవల్దారుగా చేసి రిటైరైన మనిషి, "నుదురు చూసి చెబుతావేమిటయ్యా! పిల్లాడి మాట తిరగడం లేదు, వినపడటం లేదూ?" అని గద్దించాడు. కుర్చీలోంచి దింపి నేలమీద పడుకోబెట్టించి, కూల్‌డ్రింకుల డబ్బాలోని ఐసుగడ్డలూ, ఆ నీళ్ళూ మొత్తం అతని మీద కుమ్మరించాడు. తువ్వాళ్ళు తడిపి కప్పాము. అరగంట తర్వాత అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో లోపలి వేడి కొలిస్తే, అంత ఐసు పోసిన తర్వాత కూడా, 104 దాటి ఉన్నదని తర్వాత తెలిసింది. కుర్రాడు బతికాడు.

ఆ తుపాకీని తిట్టుకుంటూనే ఇంటికి వచ్చాను. కాని ఆలోచిస్తే దాని తప్పేమీ లేదు. చెమటతో తడిసి, గాలికి ఆరుతూ ఉన్న నుదుటి చర్మం ఎంత వేడిగా ఉందని అడిగారు, అది చెప్పింది. మనకు కావలసిన వేడి ఆ చర్మం అడుగున, గుండె దగ్గర, కాలేయం దగ్గర, మెదడు దగ్గర ఉంది. శ్రమిస్తున్న శరీరం లోపలి వేడిని ఎక్కడ కొలవాలి అన్న ఈ చిన్న ప్రశ్న మీద మనుషులు నూటయాభై ఏళ్ళు తగవులాడుకున్నారని, కొందరు గొప్పవాళ్ళు ఘోరంగా పొరబడ్డారని ఆ తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆ కథే ఈ టపా. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ఒంటి వేడిని పరికరంతో చూడాలన్న ఆలోచన 17వ శతాబ్దపు తొలినాళ్ళలో పాడువా నగరపు వైద్యాచార్యుడు శాంక్టోరియస్‌ది. రోగి నోట్లో గాజుబుడ్డి పెట్టుకుంటే గొట్టంలోని నీటిమట్టం మారేది. దానికి మన గీతల వంటి ప్రమాణం లేదు, వాతావరణ పీడనాన్ని బట్టి కూడా అది మారేది. కనుక దాన్ని నమస్కరించి దాటిపోదాం.

వేడి గాలిలో మనిషి ఒంటి వేడి ఏమవుతుందో ధైర్యంగా చూసినవాళ్ళు లండన్‌లో 1774లో తేలారు. వైద్యుడు చార్లెస్ బ్లాగ్డెన్ (పేరులోనే బ్లాగు ఉంది కనుక మనవాడే అనుకోవచ్చు), ఆయన మిత్రుడు జార్జి ఫోర్డైస్, కెప్టెన్ కుక్‌తో భూమి చుట్టివచ్చిన జోసెఫ్ బ్యాంక్స్, సొలాండర్ మొదలైనవారు పొయ్యితో బాగా కాచిన గదిలోకి వెళ్ళి నిలబడ్డారు. చివరికి గది వేడి 260 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే నీరు మరిగే స్థాయిని ఎంతో దాటిన వేడికి చేరింది. వారి పక్కనే పళ్ళెంలో పెట్టిన కోడిగుడ్లు ఉడికి గట్టిపడ్డాయి, మాంసపు ముక్క వేగిపోయింది. వాళ్ళు మాత్రం నిక్షేపంగా బయటికి వచ్చారు. ఒంటి వేడి మామూలుగానే ఉంది. థర్మామీటరు మీదికి నోటితో ఊదితే పాదరసం పైకి పోవడానికి బదులు కిందికి దిగింది! ఆ గదిలో అన్నిటికన్నా చల్లని వస్తువు మనిషే.

ఈ ప్రయోగం నాకు చాలా ఇష్టం. అయితే అందులో రెండు లోపాలున్నాయి. ఆ గదిలో గాలి పొడిగా ఉంది, కనుక చెమట పట్టిన వెంటనే ఆరిపోయింది. రెండోది, ఆ పెద్దమనుషులు ఊరికే నిలబడ్డారు, పని చేయలేదు. బొగ్గు మోసే కూలీనో, కవాతు చేసే సిపాయినో వెంట తీసుకువెళ్ళి ఉంటే కథ వేరే విధంగా ఉండేది.

మరో వందేళ్ళకు జర్మనీలో లైప్‌జిగ్ ఆచార్యుడు కార్ల్ వుండర్లిష్ పాతికవేల మంది రోగుల ఒళ్ళు కొలిచి, 1868లో తన మహాగ్రంథాన్ని వెలువరించాడు. 37 డిగ్రీలు అనే అంకెను లోకం నోట పెట్టింది ఆయనే. ఆయన వాడినది అడుగు పొడవున్న థర్మామీటరు. చంకలో పెట్టి ఇరవై నిమిషాలు ఆగాలి. అంత సామగ్రితో రోగి మంచం పక్కన కూర్చోవచ్చు గాని కొండ ఎక్కలేము. ఆ ఇబ్బందిని ఇంగ్లండులో లీడ్స్ నగరపు వైద్యుడు క్లిఫర్డ్ ఆల్బట్ తీర్చాడు. ఆరంగుళాల పొడవుతో, ఐదు నిమిషాల్లో లెక్క చెప్పే థర్మామీటరును 1866-67 ప్రాంతంలో చేయించాడు. మన ఇళ్ళ అలమరల్లో నిన్నమొన్నటి దాకా ఉన్న గాజు థర్మామీటరు దాని మనుమరాలే. జేబులో పట్టే పరికరం వచ్చాక దాన్ని జేబులో వేసుకుని కొండ ఎక్కాలన్న బుద్ధి పుట్టకుండా ఉంటుందా?

ఇక్కడే అసలు కథ మొదలవుతుంది.

1869 ఆగస్టులో ఫ్రాన్స్ దేశపు లియాన్ నగరం నుంచి లూయీ లోర్తె అనే వైద్యుడు మోఁబ్లాఁ శిఖరం ఎక్కాడు. ఒకసారి కాదు, రెండు సార్లు. దారి పొడుగునా నాలిక కింద థర్మామీటరు పెట్టుకుని లెక్కలు రాసుకున్నాడు. ఆయనకు కనిపించింది ఇది: కూర్చుని విశ్రాంతి తీసుకుంటే ఒంటి వేడి మామూలుగా ఉంది. నడక సాగించగానే పడిపోతోంది. ఎంతగా అంటే నాలుగు డిగ్రీలు, పైకి పోయిన కొద్దీ అంతకు మించి కూడా. మనిషిని మంచాన పడేసేంత చల్లదనం. అయినా ఆయన గబగబా కొండ ఎక్కుతూనే ఉన్నాడు.

లోర్తె తెలివితక్కువవాడు కాడు. దీనికి చక్కని కారణం కూడా చెప్పాడు. అప్పటికి పాతికేళ్ళుగా ఐరోపాను ఊపేస్తున్న శక్తినిత్యత్వ సూత్రం అందరి నాలుకల మీదా ఉంది. వేడి పనిగా మారుతుంది, పని వేడిగా మారుతుంది, మొత్తం మారదు. ఆవిరియంత్రంలో జరిగేదీ అదే. కొండ ఎక్కే మనిషి తన బరువును పైకి ఎత్తుతున్నాడు. ఆ పనికి కావలసిన శక్తి ఒంట్లోని వేడి నుంచే రావాలి. కనుక ఒళ్ళు చల్లబడుతుంది. ఎంత అందంగా ఉందో చూడండి! కొలతా ఉంది, సిద్ధాంతమూ ఉంది, రెండూ ఒకదానికొకటి అద్దినట్టు సరిపోయాయి. ఇటువంటి జోడీ ఎదురైతే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది?

అనుమానం వచ్చినవాడు స్విట్జర్లండు వాసి ఫ్రాన్స్వా ఫొరెల్. తర్వాతి కాలంలో జెనీవా సరస్సును జీవితమంతా అధ్యయనం చేసి, సరస్సుల శాస్త్రానికే ఆద్యుడైన మహానుభావుడు. ఆయన 1870 దశకపు తొలి సంవత్సరాల్లో తానే కొండలు ఎక్కుతూ దిగుతూ, థర్మామీటరును నోట్లో కాక గుదంలో పెట్టి చూశాడు. వేడి తగ్గలేదు సరికదా, పెరిగింది. ఎక్కినప్పుడు పెరిగింది, దిగినప్పుడూ పెరిగింది. ఆల్బట్ కూడా ఊరుకోలేదు. ఆయన స్వయంగా ఆల్ప్స్ పర్వతాల పిచ్చి ఉన్నవాడు. తన పొట్టి థర్మామీటరుతోనే కొండలెక్కి చూసి, మామూలుగా వేడి కొద్దిగా పెరుగుతున్నదే తప్ప లోర్తె చెప్పినట్టు పడిపోవడం లేదని 1871 ప్రాంతంలో ప్రకటించాడు.

లోర్తెను బోల్తా కొట్టించింది ఏమిటో ఈనాడు మనం సులువుగా చెప్పగలం. కొండ ఎక్కే మనిషి నోరు తెరిచి రొప్పుతాడు. మంచుకొండ మీది చలిగాలి నిమిషానికి ఎన్నో సార్లు నాలిక మీదుగా పోతుంది. బుగ్గలకు చలిగాలి కొడుతుంది. ఆ నోట్లో పెట్టిన థర్మామీటరు నోటి వేడినే చెబుతుంది. కూర్చుని నోరు మూసుకుంటే నోరు మళ్ళీ వెచ్చబడుతుంది. లోర్తె చూసిన హెచ్చుతగ్గులన్నీ నోటివి.

సిద్ధాంతం సంగతి కూడా ఒక్కమాట. అరవై కిలోల మనిషి గంటకు నాలుగు వందల మీటర్ల ఎత్తు ఎక్కితే, బరువు ఎత్తిన పని మొత్తం లెక్కకట్టినా అరవై కిలోకాలరీలకు లోపే. ఆ పని కోసం కండరాలు కాల్చే ఇంధనం దానికి నాలుగైదు రెట్లు. మిగిలినదంతా వేడిగా ఒంట్లోనే పోగుపడుతుంది. అంటే పని చేసిన కొద్దీ శరీరం తన వేడిని ఖర్చు పెట్టదు, కొత్త వేడిని ఉత్పత్తి చేస్తుంది. శక్తినిత్యత్వ సూత్రం ఎక్కడా తప్పు కాలేదు. కండరం ఆవిరియంత్రం కాదు, అంతే.

ఇదే లెక్కను పరుగుకు వేసి చూస్తే గుండె గుభేలుమంటుంది. అరవై కిలోల మనిషి గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో పరుగెడితే గంటకు సుమారు ఏడు వందల కిలోకాలరీలు ఖర్చవుతాయి. అందులో చాలా భాగం వేడే. అతని ఒళ్ళు మొత్తం ఒక డిగ్రీ సెంటిగ్రేడు పెరగడానికి యాభై కిలోకాలరీలు చాలు. వేడి బయటికి పోయే దారులన్నీ మూసేస్తే ఐదు నిమిషాలకొక డిగ్రీ చొప్పున పెరిగిపోతాడు. అలా జరగకుండా కాపాడేది చెమట. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకాలరీలను మోసుకుపోతుంది. ఆవిరైతే అన్న మాటను గమనించండి. కారి నేలపాలైన చెమట వల్ల ప్రయోజనం లేదు. ఆ ఆదివారం మా ఊళ్ళో అందరి చెమటా నేలపాలే అయింది.

బ్లాగ్డెన్ గది వదిలేసిన ఈ తేమ సంగతిని పట్టుకున్నవాడు జాన్ స్కాట్ హాల్డేన్. గనుల్లో కార్మికులు ఎందుకు చనిపోతారన్నది ఆయన జీవితకాలపు ప్రశ్న. ఇంగ్లండులో వేడిగా ఉండే తగరపు గనుల్లోనూ, తానే వేడిగదుల్లో కూర్చునీ పరిశీలించి 1905లో ఒక మాట చెప్పాడు: మామూలు థర్మామీటరు చూపే గాలి వేడి ముఖ్యం కాదు, తడిబట్ట చుట్టిన థర్మామీటరు చూపేదే ముఖ్యం. గాలి కదలని చోట ఆ తడి అంకె 88 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, చొక్కా విప్పుకుని ఊరికే కూర్చున్నవాడి ఒంటి వేడి కూడా పెరగడం మొదలవుతుంది. పని చేసేవాడికైతే ఇంకా ముందే. మన కోస్తా జిల్లాల్లో మే నెల ఉక్కపోత అనుభవించినవారికి ఈ సంగతి ఒళ్ళే చెబుతుంది. అంకెగా చెప్పిన గొప్పతనం మాత్రం హాల్డేన్‌ది.

లోపలి వేడి పెరగడం ప్రమాదమేనా? దీనికి 1938లో కోపెన్‌హేగన్ నుంచి మారియస్ నీల్సన్ ఇచ్చిన జవాబు ఎవరూ ఊహించనిది. మనుషుల చేత కదలని సైకిలు తొక్కిస్తూ, గది వేడిని 5 డిగ్రీల సెంటిగ్రేడు నుంచి 36 వరకూ మార్చి చూశాడు. ఒకే పని చేస్తున్నంత సేపూ, గది చల్లగా ఉన్నా వెచ్చగా ఉన్నా, గుదం దగ్గరి వేడి ఒకే స్థాయికి పెరిగి అక్కడ నిలబడింది. పని పెంచితే ఆ స్థాయి పెరిగింది. అంటే శ్రమలో వేడి పెరగడం శరీరం చేతకానితనం వల్ల కాదు, పనికి తగినట్టుగా అది తన కొలువును మార్చుకుంటున్నది. చర్మం వేడి మాత్రం గదిని బట్టి మారుతూ పోయింది. లోపలొక లోకం, పైనొక లోకం. 1958లో జర్మన్ శాస్త్రజ్ఞుడు యుర్గెన్ ఆషాఫ్, తన సహచరుడు వేవర్‌తో కలిసి ఈ రెంటికీ 'గింజ', 'పొట్టు' అని పేర్లు పెట్టాడు. చాలా బాగుంది ఈ పోలిక. మా వాలంటీరు ఆ రోజు పొట్టును కొలిచాడు.

నీల్సన్ సూత్రానికీ ఒక హద్దుంది. గాలి మరీ వేడెక్కినా, మరీ తేమ ఎక్కినా ఆ నిలకడ చెదిరిపోతుంది. లోపలి వేడి ఎక్కడా ఆగకుండా పైపైకి పోతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలపు అమెరికా సైనిక శిబిరాల్లో ఈ విధంగా కూలిపోయినవారు ఎందరో. వారిలో 125 మంది మృతదేహాల పరీక్షలను మలమూద్, ఆయన సహచరులు 1946లో ప్రచురించారు. అందరూ శత్రువును చూడకముందే, శిక్షణలోనే పోయినవారు. ఆ తర్వాత మెరీన్ దళాల కోసం యాగ్లూ, మినార్డ్ 1957లో తడి అంకెకు ఏడు పాళ్ళు, ఎండ తగిలే నల్లగోళపు అంకెకు రెండు పాళ్ళు, మామూలు అంకెకు ఒక పాలు వేసి ఒక సూచికను తయారు చేశారు. ప్రతి సిపాయినీ కొలవలేరు కనుక వాతావరణాన్ని కొలిచి కవాతు ఆపమన్నారు. ఈనాటికీ పరుగు పందాల నిర్వాహకులు చూసేది ఆ సూచికనే. అది ఎంతోమందిని కాపాడింది. కాని అది గాలిని గురించి చెబుతుంది, ఎదుట పడి ఉన్న మనిషిని గురించి చెప్పలేదు.

ఎదుట పడి ఉన్న మనిషి అంటే నాకు 1954 గుర్తొస్తుంది. నేనప్పటికి పుట్టలేదు, చదివినదే. ఆగస్టు 7న కెనడాలోని వాంకూవరులో బ్రిటిష్ ఎంపైర్ క్రీడల మారథాన్. ఇంగ్లండుకు చెందిన జిమ్ పీటర్స్ రెండోవాడికన్నా పావుగంటకు పైగా ముందు స్టేడియంలోకి వచ్చాడు. వచ్చి పడ్డాడు. లేచాడు, పడ్డాడు. పదకొండు నిమిషాల్లో రెండువందల గజాలు. వేల మంది చూస్తూండగా పాకుతూ, తూలుతూ, ఒక గీతను చేరి చేతుల్లో వాలిపోయాడు. అది గమ్యపు గీత కాదు. ఆయన బతికాడు గాని మళ్ళీ పందెం పరుగెత్తలేదు.

అటువంటి పరుగు చివర ఒంట్లో వేడి ఎంతుంటుందో కొలిచి చూసినవారిలో గ్రిఫిత్ పగ్ ఒకడు. 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందంతో వెళ్ళిన శరీరశాస్త్రజ్ఞుడు ఈయనే. ఆయనా, ఆయన సహచరులూ ఇంగ్లండులో ఒక మారథాన్ తర్వాత పరుగువీరుల గుదోష్ణాన్ని కొలిచి 1967లో ప్రచురించారు. అందులో అత్యధికంగా 41.1 డిగ్రీల సెంటిగ్రేడు ఉన్నవాడు ఎవరనుకున్నారు? ఆ పందెం గెలిచినవాడు. మన లెక్కలో 106. జ్వరంతో ఆ అంకె వస్తే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి. ఇతను మాత్రం గెలిచి నిలబడ్డాడు. 2016లో దోహాలో జరిగిన ప్రపంచ సైకిల్ పోటీల్లోనూ 41.5 దాకా వెళ్ళినవారున్నారని పరిశోధకులు నమోదు చేశారు. కోపెన్‌హేగన్‌లో 1999లో ఏడుగురి చేత వేడిలో సైకిలు తొక్కించినప్పుడు, ఒంటి వేడి ఎక్కడి నుంచి మొదలైనా, అందరూ 40 దాటీ దాటగానే ఇక చాలన్నారు. అదే మనిషికి హద్దు అని కొంతకాలం అనుకున్నారు. దోహా వంటి అనుభవాల తర్వాత ఆ హద్దు అందరికీ ఒకటి కాదని తేలింది. కనుక అంకె ఒక్కటే చాలదు, మనిషి తెలివిగా మాట్లాడుతున్నాడా అన్నదీ చూడాలి. మా హవల్దారుగారు చూసినది అదే.

ఈ చరిత్రలో మనం గౌరవంగా తలచుకోవలసినవారు మరికొందరున్నారు. వారి పేర్లు ఏ పత్రంలోనూ లేవు. 1950, 60 దశకాల్లో దక్షిణాఫ్రికా బంగారు గనుల యాజమాన్యాల పరిశోధనాలయంలో విండం, స్ట్రైడమ్ అనే శాస్త్రజ్ఞులు వేడికి అలవాటుపడటం గురించి గొప్ప పరిశోధనలు చేశారు. కొత్తగా వచ్చిన నల్లజాతి కూలీలను వేడిగా, తేమగా ఉండే గదుల్లో రోజుకు కొన్ని గంటల చొప్పున, వారం పైగా, మెట్లు ఎక్కించి దింపించి, ఒంటి వేడి కొలిచి, అలవాటుపడ్డవారిని గనిలోకి దించేవారు. దానివల్ల వడదెబ్బ చావులు తగ్గాయన్నది నిజం. ఆ కూలీకి వద్దనే హక్కు ఎంతవరకు ఉండేదో ఆ దేశపు ఆనాటి చట్టాలు తెలిసినవారికి చెప్పనక్కరలేదు. ఈనాటి ఆటగాళ్ళను పందానికి రెండు వారాల ముందే వేడిలో సాధన చేయించడం వెనక ఆ మెట్లు ఎక్కినవాళ్ళ చెమట ఉంది.

ఇక, లోపలి వేడిని చూడటానికి ఎన్ని దారులు? అన్నవాహికలోకి ముక్కు గుండా సన్నని తీగ దింపితే గుండె పక్కనే చూడవచ్చు. మార్పు వెంటనే తెలుస్తుంది. అయితే ముక్కులో తీగతో మారథాన్ ఎవరు పరుగెడతారు? గుదం నమ్మకమైనదే గాని కొంచెం నిదానం, రక్తపు వేడి మారిన కొద్ది నిమిషాలకు గాని అది మారదు. మూడోది మాత్ర. 1957లో మెకే, జేకబ్సన్ అనేవారు మింగగలిగిన చిన్న రేడియో ప్రసారిణి చేసి, కడుపులోంచి పీడనాన్నీ వేడినీ చెప్పించారు. 1980 దశకంలో అమెరికాలో అంతరిక్ష సంస్థ ప్రోద్బలంతో ఇంకా మెరుగైన మాత్ర వచ్చింది. 1998లో 77 ఏళ్ళ జాన్ గ్లెన్ రెండోసారి అంతరిక్షానికి వెళ్ళినప్పుడు అలాంటిది మింగాడు. ఈ మాత్రను కొన్ని గంటల ముందే మింగాలి, లేకపోతే తాగిన చల్లని నీళ్ళ వేడినే చెబుతుంది. లోర్తె నోటి కథే మళ్ళీ కడుపులో! ముందుగా మింగినవాళ్ళకే ఇది పనికొస్తుంది. కూలిపోయినవాడి చేత మింగించి లాభం లేదు.

2001 జులై 31న అమెరికాలో కోరీ స్ట్రింగర్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు, 27 ఏళ్ళవాడు, ఎండలో సాధన చేస్తూ కూలిపోయాడు. ఆసుపత్రిలో కొలిచేసరికి 108.8 డిగ్రీల ఫారెన్‌హీట్. మరునాడు తెల్లవారేలోగా చనిపోయాడు. మన గాజు థర్మామీటరు గీతలు 108 దగ్గర ఆగిపోతాయి కదా, ఆ పైన ఏముంటుందని చిన్నప్పుడు నేనెప్పుడూ అడగలేదు. ఆయన పేరున కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో 2010లో ఒక సంస్థ వెలిసింది.

ఆ విశ్వవిద్యాలయపు పరిశోధకులే అంతకు ముందు 2007లో, ఎండలో శ్రమించినవారికి నోరు, చంక, చెవి, కణత, నుదుటి పట్టీ అన్నిటినీ గుదోష్ణంతో సరిపోల్చి చూశారు. సరిపోయినది మింగిన మాత్ర ఒక్కటే. మిగిలినవేవీ నమ్మదగినవి కావు. ఫొరెల్ స్విట్జర్లండు కొండల్లో చేసిన పనికి నూటముప్పై అయిదేళ్ళ తర్వాత, కొత్త పరికరాలతో, అదే జవాబు.

ఆ జవాబును పాటిస్తే ఏమవుతుందో మసాచుసెట్స్‌లోని ఫాల్మత్ పరుగు చెబుతుంది. ఆగస్టు మధ్యలో, సముద్రపుటొడ్డున, ఏడు మైళ్ళు. దూరం తక్కువ కనుక అందరూ శక్తికొద్దీ పరుగెడతారు, వడదెబ్బలూ ఎక్కువే. అక్కడి వైద్యశిబిరంలో పడిపోయినవాడిని తెర చాటుకు తీసుకుపోయి గుదోష్ణం కొలుస్తారు. 40 దాటి, మాట తడబడుతూ ఉంటే వెంటనే ఐసు నీళ్ళ తొట్టిలో ముంచుతారు. చల్లబడ్డాకనే ఆసుపత్రి ప్రయాణం. పద్దెనిమిది సంవత్సరాల పోటీల లెక్కలు 2015లో ప్రచురించారు. 274 మంది వడదెబ్బ రోగులు, సగటు వేడి 41 పైనే. ఒక్కరూ చనిపోలేదు. కొలవడం వల్ల ఇంకో లాభమూ ఉంది. నీళ్ళు అతిగా తాగి రక్తంలో ఉప్పు పలచబడ్డవాడూ ఇలాగే తూలుతాడు, ఇలాగే పిచ్చిగా మాట్లాడతాడు. వాడికి లోపలి వేడి అంతగా ఉండదు. వాడికి ఇంకా నీళ్ళు పట్టిస్తే చంపినంత పని.

మా ఊరి పరుగు మళ్ళీ దగ్గర పడినప్పుడు, ఈ కాగితాలన్నీ పట్టుకుని నిర్వాహకుల దగ్గరికి వెళ్ళాను. మర్యాదస్తులు, కాఫీ ఇచ్చి విన్నారు. తొట్టి, ఐసు, తడి అంకె చూసే పరికరం అన్నిటికీ సరేనన్నారు. గుదోష్ణం మాట వచ్చేసరికి ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "మాస్టారూ, తొట్టి పెట్టిస్తాం. ఆ రెండోది మాత్రం మనవాళ్ళు ఒప్పుకోరండి. పేపర్లో వేస్తారు" అన్నాడు కార్యదర్శి. కోప్పడలేకపోయాను. నాకూ ఆ మాట ఆయన ముందు పైకి అనడానికి రెండు నిమిషాలు పట్టింది, ఇక్కడ రాయడానికి రెండు రోజులు. చివరికి, మాట తిరగనివాడెవడైనా కనిపిస్తే అంకె కోసం ఆగకుండా ముందు తొట్టిలో దించాలని, తెర, థర్మామీటరు, అవి వాడటం వచ్చిన ఒక డాక్టరుగారు సిద్ధంగా ఉండాలని, అవసరమా కాదా అన్నది ఆయన నిర్ణయానికే వదిలేయాలని ఒప్పందం కుదిరింది. నుదుటి తుపాకీని మాత్రం ఆ శిబిరంలోకి రానివ్వకూడదని పట్టుబట్టాను. దానికి వెంటనే ఒప్పుకున్నారు. హవల్దారుగారిని తొట్టి దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు.